బీరువాసురుడు

సోమవారం పొద్దున జగ్గయ్యపేటలో బయల్దేరిన స్కూలు బస్సు చిల్లకల్లు చేరేలోపే రెండు నిప్పుల తాబేళ్ళు, ఒక రెక్కల గుర్రం, ఒక మూడు కళ్ళ సొరచేప చేతులు మారాయి. వెనక సీట్లలో బేరాలు మహా జోరుగా ఉన్నాయి. బడి ముందు కొట్లో అమ్మే చిన్న ప్యాకెట్లలో ఈ కార్డులొస్తాయి. ఒక్కో కార్డు మీద ఒక వింత జంతువు బొమ్మ, కింద దాని శక్తి ఎంత, వేగం ఎంత, దానికున్న ప్రత్యేక విద్య ఏమిటి అని రాసి ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒక్కో కార్డు దించుతారు. గట్టి జంతువు ఎవరిదైతే వాళ్ళు రెండూ పట్టుకుపోతారు. ఈ మాత్రం దానికి అన్నాలు మానేసి ఆడతారేమిట్రా అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. ఆ పెద్దవాళ్ళే పొద్దస్తమానం ప్లాట్ల సంగతులు మాట్లాడుకుంటుంటే పిల్లలు ఏనాడైనా విసుక్కున్నారా పాపం!

ముందు సీట్లో కూర్చున్న మహతికి ఈ గోలేదీ చెవికెక్కడం లేదు. నందిగామ హైవే పక్కనున్న ఆ ప్రైవేటు బడిలో, పేరు మనకెందుకు లెండి, ఆమె సైన్సు టీచరు. ఎనిమిదో తరగతి బి సెక్షనుకి క్లాస్ టీచరు కూడా. ఒళ్ళో ఉన్న బ్యాగులో కాల్‌లెటరుంది. డీఎస్సీకి ఏడేళ్ళు చదివింది. వంటింట్లో చదివింది, బస్సులో చదివింది, పరీక్ష హాల్లో పిల్లల్ని కాపలా కాస్తూ మనసులో వల్లె వేసుకుంది. ఇన్నాళ్ళకి గవర్నమెంటు బడిలో బయాలజీ టీచరు పోస్టు తగిలింది. గురువారం పొద్దున పది గంటలకి బందరులో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. టెన్త్ నుంచి బీఈడీ దాకా అన్నీ ఒరిజినల్సే చూపించాలి, జిరాక్సులు పనికిరావు. చూపించకపోతే ఆ పోస్టు తర్వాతి పేరుకి పోతుంది.

ఆ ఒరిజినల్సే ఆమె దగ్గర లేవు. ఇటువైపు కొన్ని ప్రైవేటు బళ్ళలో ఒక పద్ధతుంది. చేరిన రోజున "ఒకసారి చూసి ఇచ్చేస్తాం" అని సర్టిఫికెట్లు తీసుకుంటారు. ఆ చూడటం ఏప్రిల్ నెలాఖరుదాకా తెమలదు. ఏడాది మధ్యలో టీచరు ఇంకో చోటికి పోకుండా ముక్కుతాడన్నమాట. అందరికీ తెలిసిందే, ఎవరూ కాగితం మీద రాయనిదే. మహతి ఫైలు కరస్పాండెంటు గారి గదిలో ఇనప బీరువాలో ఉంది.

"ఇవాళ అడుగుతున్నారా మేడంగారూ?" అన్నాడు డ్రైవరు ఇశ్రాయేలు, అద్దంలోంచి చూస్తూ. శుక్రవారం సాయంత్రం ఇదే సీట్లో కూర్చుని ఆమె భర్త ఉపేంద్రతో ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చింది. అది అతను చూశాడు.

"అడగాలి ఇశ్రాయేలు గారూ. అడక్క ఏం చేస్తాం?"

"అడగండి, అడగండి. నా హెవీ లైసెన్సు కూడా ఆ బీరువాలోనే ఉంది. మూడేళ్ళయింది దాని మొహం చూసి. జిరాక్సు ముక్క జేబులో పెట్టుకుని బండి తోలుతున్నా," అని నవ్వాడు. అతని కూతురు కెజియా మహతి క్లాసులోనే ఉంది. డ్రైవరు పిల్ల కాబట్టి ఫీజు లేదు. రెండో సీట్లో మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని ఏదో గీసుకుంటోంది.

కరస్పాండెంటు వరప్రసాదరావు తిట్టే మనిషి కాదు. తిట్టేవాళ్ళతో ఎలాగోలా వేగొచ్చు. ఈయన తియ్యగా మాట్లాడతాడు.

"శుభం తల్లీ! మన స్కూలుకే గర్వం. మంచి ఫోటో ఒకటివ్వు, గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిద్దాం," అన్నాడు కాల్‌లెటరు చూసి. మహతి ప్రాణం కుదుటపడింది. ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలూ సరిగ్గా వేసి ఆమె చేతికిచ్చాడు. "ఇక సర్టిఫికెట్లంటావా, ఏప్రిల్లో వచ్చి పట్టుకెళ్ళు."

"ఏప్రిలంటే కుదరదు సార్. వెరిఫికేషన్ ఈ గురువారమే."

"చూశానమ్మా. ఇవాళ నీకు తీశాననుకో, రేపు ఇరవై మంది వరస కడతారు. ఏడాది మధ్యలో సైన్సు టీచర్ని నేనెక్కణ్ణించి తేవాలి? నువ్వే చెప్పు," అంటూ మెళ్ళో గొలుసుకి వేలాడే తాళంచెవిని చొక్కాలోపలికి తోసుకున్నాడు. బీరువా ఆయన వెనకే ఉంది, బూడిదరంగుది, మనిషి కంటే ఎత్తు.

ఆమె ఇంకా బతిమాలేదే. ఈలోగా ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ భవానీప్రసాద్ వచ్చాడు. బడిలో పుల్ల కదిలినా ఆయనకి తెలుస్తుంది, తెలిసిన క్షణంలో ఈ గదికి చేరుస్తాడు. చేతిలో ఉన్న అట్టముక్కని టేబుల్ మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎనిమిది బిలో దొరికింది సార్. పొద్దున్నుంచీ పేరెంట్స్ గ్రూపులో దీని ఫోటో తిరుగుతోంది. అందరూ నవ్వు బొమ్మలు పెడుతున్నారు."

కొట్లో అమ్మే కార్డు కాదది. పాత శుభలేఖని పేకముక్కంత కత్తిరించి, వెనకవైపు పెన్నుతో వేసిన బొమ్మ. అందులో ఒక జంతువుంది. దానికి కరస్పాండెంటు గారి కళ్ళజోడుంది, మీసముంది, పదహారు చేతులున్నాయి, ప్రతి చేతిలో తాళంచెవి ఉంది. పొట్ట ఉండాల్సిన చోట బీరువా తలుపుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు.

"బీరువాసురుడు. శక్తి తొమ్మిది వేలు. వేగం పది." ఆగాడు. "పదేనా?"

భవానీప్రసాద్ దగ్గాడు.

"ప్రత్యేక విద్య. మిగతా జీవుల ప్రాణాలన్నీ తన బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ప్రాణం లోపలే ఉంది కాబట్టి అవి ఎక్కడికీ పోలేవు. బలహీనత లేదు."

ఆ మాట మహతిదే. 'నా ప్రాణమంతా ఆయన బీరువాలో పెట్టుకు కూచున్నాడండీ' అని శుక్రవారం బస్సులో ఫోన్లో ఉపేంద్రతో అన్నది ఆమే. ఇంకోటి కూడా కంటపడింది. బొమ్మలో నీడ అంతా చుక్కలతో వేసి ఉంది. సైన్సు రికార్డులో కప్ప గుండె వేసినా, మందారపువ్వు వేసినా పెన్సిలుతో రుద్దకూడదు, చుక్కలే పెట్టాలి, నీడ ఉన్నచోట దగ్గరగా, వెలుగున్నచోట దూరంగా, అని బోర్డు మీద పెట్టి చూపించింది ఆమే. క్లాసులో నలభై రెండు మందికి చెప్పింది. వచ్చింది ఒక్కళ్ళకే.

వరప్రసాదరావు కార్డుని బోర్లించి, మళ్ళీ తిప్పి, కాసేపు తన బొమ్మనే చూసుకున్నాడు. కోపం మొహంలోకి మెల్లిగా ఎక్కింది.

"అడ్మిషన్ల మీద బతికే సంస్థ ఇది. ఊళ్ళో వాళ్ళంతా నన్ను అసురుణ్ణి చేసి నవ్వుకుంటుంటే నేను బళ్ళో కూర్చుని గంట కొట్టించాలా? ఎవరు గీశారో కనుక్కో మహతీ, నీ క్లాసే కదా. బుధవారం సాయంత్రంలోపు పేరు చెప్పు, ఆ పిల్లాడికి టీసీ ఇచ్చి పంపిస్తా. నీ ఫైలు నా చేత్తో నేనే తీసి నీకిస్తా. ఏప్రిల్ దాకా ఎందుకు?"

పేరు ఆమె నాలుక మీదే ఉంది. కక్కలేదు, మింగలేదు. "కనుక్కుంటా సార్," అని బయటికొచ్చేసింది.

*

మంగళవారం మొదటి పీరియడ్‌లోనే భవానీప్రసాద్ ఎనిమిది బిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన చేసిన పని చూడండి. "ఆ కార్డు గీసిందెవరో రేపటిలోగా మీ మేడం చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ సర్టిఫికెట్లు ఇవ్వరు, ఆవిడ గవర్నమెంటు ఉద్యోగం పోతుంది. మీకు మేడం మీద ప్రేముంటే లేచి చెప్పండి," అని పిల్లలందరి మధ్యా ఆమెని నిలబెట్టి మరీ చెప్పాడు. ఒక్కళ్ళూ లేవలేదు. నలభై రెండు మందీ తలలొంచి బల్లల మీద గీతలు చూసుకున్నారు. మహతి సుద్దముక్కని చేతిలో చితిపేసి, అది పొడయ్యాక, చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం రికార్డు పుస్తకాలు మొయ్యాలని కెజియాని ల్యాబులోకి పిలిచింది. ల్యాబంటే ఏముంది, రెండు మైక్రోస్కోపులు, సీసాలో ఒక పాము, గోడకి ఒక అస్థిపంజరం పటం. కెజియా పుస్తకాల దొంతర దించి, అంచులు సరిచేసి నిలబడింది. పదమూడేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుంది, రెండు జడలు మడిచి కట్టుకుంటుంది. మహతి ఒక రికార్డు తెరిచి ఎర్రపెన్నుతో టిక్కు పెట్టింది. ఇంకోటి తెరిచింది. మూడోది కెజియాదే. మందారపువ్వు నిలువుకోత. చుక్కలు ఎంత ఓపిగ్గా పెట్టిందో!

"నువ్వేనా?" అంది తలెత్తకుండానే.

"అవును మేడం."

అబద్ధమాడుతుందేమో, ఆ వంకన తనకేమీ తెలియదని అనుకోవచ్చేమో అని ఆశపడింది మహతి. ఆ ఆశ కూడా పోయింది.

"ఎందుకే గీశావు? ఏం పోయేకాలం?"

"కొట్లో కార్డులు అందరి దగ్గరా అవే ఉంటాయి మేడం. ఎవరి దగ్గరా లేంది కావాలంటే మనమే గీసుకోవాలి. సార్లందరివీ గీశా. పీటీ సారు విజిల్ రాబందు. ఏఓ సారు చెవుల గబ్బిలం, గోడల్లోంచి వినపడుద్ది. బీరువాసురుణ్ణి మాత్రం రవితేజ అడిగి తీసుకున్నాడు. వాళ్ళన్న షాపులో జిరాక్సులు తీసి క్లాసులో పంచేశాడు. పంతొమ్మిది." ఆ పంతొమ్మిది అన్నప్పుడు మాత్రం ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "నేను ఒక్కటే గీశా మేడం, నిజ్జంగా."

"బీరువా సంగతి నీకెవరు చెప్పారు?"

"మీరే. శుక్రవారం బస్సులో. నేను మీ వెనకే ఉన్నా."

కెజియా లంగా జేబులోంచి చిన్న కట్ట తీసి, వెతికి, ఒక కార్డు ఆమె ముందు పెట్టింది. దాని మీద సీసా ఉంది, మూత బిగించి ఉంది, లోపల అచ్చం మహతిలాగే కొప్పు పెట్టుకున్న మిణుగురు ఒకటి ఉంది. శక్తి ఎనిమిది వేలు. ప్రత్యేక విద్య, చీకట్లో దారి చూపిస్తుంది. కింద చిన్న అక్షరాలతో ఆట నియమం రాసి ఉంది: బీరువాసురుడు ఎవరి దగ్గరున్నా సరే, ఈ కార్డు ఆడకూడదు.

"ఆడకూడని కార్డు ఎందుకే మరి?"

"ఎప్పటికైనా ఆడొచ్చని ఉంచుకుంటారు మేడం."

ఈ పిల్లని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో మహతికి తెలియలేదు. కార్డు వెనక్కిచ్చేసి, మళ్ళీ ఎర్రపెన్ను తీసుకుంది.

"నువ్వని క్లాసులో ఎంతమందికి తెలుసు?"

"అందరికీ. ఎవరూ చెప్పరు. చెప్పినోళ్ళతో ఇంకెవరూ కార్డులు మార్చుకోరు. చెప్పుకున్నోడి కట్ట చెప్పుకున్నోడి దగ్గరే ఉండిపోద్ది."

ఆ మాట తననుద్దేశించి అన్నది కాదు. అయినా మహతికి చెంప మీద కొట్టినట్టయింది. "పో, క్లాసుకి పో," అంది. ఆ పిల్ల వెళ్ళాక చూసుకుంటే, తప్పుల్లేని మందారపువ్వు మీద ఎర్రపెన్ను గీత అడ్డంగా సాగిపోయి ఉంది.

*

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో ఇంటికొచ్చేసరికి ఉపేంద్ర గోరుచిక్కుళ్ళు ముందేసుకుని ఈనెలు తీస్తున్నాడు. అతనిది సిమెంటు ఫ్యాక్టరీలో కాటా దగ్గర ఉద్యోగం. డ్యూటీ నుంచి వచ్చి ఎంత కడుక్కున్నా కనుబొమల్లో బూడిద పోదు. మంచివాడే. మంచివాళ్ళు చెప్పే సలహాలే ఒక్కోసారి గొంతుకడ్డం పడతాయి.

"పేరు తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది. మన బస్సు డ్రైవరు కూతురు."

"మరి చెప్పెయ్."

"చెప్తే టీసీ ఇచ్చేస్తారు. వాళ్ళ నాన్న ఉద్యోగం ఉంచుతారా? లైసెన్సు కూడా ఆయన దగ్గరే ఉంది. పైగా ఆ పిల్ల సొంతంగా అన్న మాట కాదండీ అది. నా నోట్లోంచి వచ్చిందే."

ఉపేంద్ర ఒక చిక్కుడుకాయని రెండు చివర్లూ తుంచి, మధ్యకి విరిచి, గిన్నెలో వేశాడు. "చూడు మహీ. ఆ పిల్లకి ఇంకో బడి దొరుకుద్ది. నందిగామలో లేవా, పేటలో లేవా? అతనికి ఇంకో బండి దొరుకుద్ది. నీకు ఇంకో డీఎస్సీ ఎప్పుడు? మళ్ళీ ఏడేళ్ళకా? అప్పటికి నీకు వయసు దాటిపోద్ది. నీ వల్ల వాళ్ళకి అన్యాయం జరుగుద్దంటున్నావు, సరే. నీకు జరిగేదాన్ని ఏమంటారు?"

"పోలీసు కంప్లైంటు ఇస్తే?"

"ఇయ్యి. గురువారంలోపు బీరువా తెరిపిస్తారా వాళ్ళు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె కూడా పీట వాల్చుకుని చిక్కుళ్ళు ముందుకు లాక్కుంది. ఇద్దరూ కలిసి కాయలన్నీ విరిచారు. అయిపోయాక అతనే మెల్లిగా, "నిన్ను చెప్పమని బలవంతం చెయ్యట్లా. చెప్తే మాత్రం తప్పు చేసినదానిలా ఏడవొద్దు," అన్నాడు. ఆమెకి ఆ మాటకే ఏడుపొచ్చింది. బందరు వెళ్ళటానికి ఉంచిన చీర తీసి, ఒకసారి ఇస్త్రీ చేసి, మడత నచ్చక మళ్ళీ చేసింది.

బుధవారం పొద్దున బస్సెక్కుతుంటే ఇశ్రాయేలు భుజం మీద తువ్వాలుతో ముందు సీటు దులిపాడు. ఎప్పుడూ చేసేదే, ఇవాళ మాత్రం ఆమెకి ఆ సీటు మీద కూర్చోవడం కష్టమైంది.

"మేడంగారూ, మా పిల్ల రెండ్రోజుల్నుంచి సరిగ్గా పలకట్లా. అన్నం ముందు కూచుని లెక్కలేసుకుంటంది. బళ్ళో ఏమన్నా జరిగిందా? మీరు కాస్త కనుక్కోండమ్మా, మీరంటే దానికి ప్రాణం."

"కనుక్కుంటా," అంది మహతి. సోమవారం నుంచీ అందరికీ ఇదే మాట చెబుతోంది.

*

భోజనాల వేళ స్టాఫ్‌రూం కిటికీలోంచి చూస్తే మైదానం అంచున, పక్కనే ఉన్న కానుగచెట్టు కింద పిల్లల గుంపు కనిపించింది. మధ్యలో కెజియా. మహతి టిఫిన్ బాక్సు మూత తీసి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల చేసే బేరాలు విచిత్రంగా ఉన్నాయి. ఏడాది నుంచి కూడబెట్టిన కట్టంతా బయటికి తీసింది. మెరిసే అంచున్న నీలం డ్రాగన్ ఇచ్చేసి బీరువాసురుడి జిరాక్సు ముక్క తీసుకుంది. ఐదు తలల పాము ఇచ్చేసి ఇంకో జిరాక్సు ముక్క. రవితేజ ఒక్క ముక్కకి రెండు కార్డులు అడిగినట్టున్నాడు, కాసేపు వాదించి, రెండూ అతని చేతిలో పెట్టేసింది. మంచి సరుకంతా పారబోసి ఈ చెత్త పోగుచేస్తోందేమిటి, దాచేద్దామనా, భయపడిందా, అనుకుంది మహతి. ఆ పిల్ల భయపడిందనుకుంటే ఆమెకి మరీ భయమేసింది. పెరుగన్నం రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

చివరి పీరియడ్ ఖాళీ. మనం దాచుకోవటానికేమీ లేదు, ఆమె చెప్పేద్దామనే మెట్లెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ తనకి తనే నచ్చజెప్పుకుంది: టీసీ మీద ఏమీ రాయొద్దని అడుగుతా, ఇశ్రాయేలు జోలికి పోవద్దని అడుగుతా, తర్వాత ఆ పిల్లని నేనే ఒక మంచి బళ్ళో చేర్పిస్తా, పుస్తకాలు కొనిస్తా. పైమెట్టు చేరేసరికి ఆ పిల్లకి డిగ్రీ దాకా చదువు చెప్పించేసింది. మనిషి తప్పు చెయ్యబోయేముందు ఎన్ని దానాలు చేస్తాడో! గది బయట బల్ల మీద రెండు నిమిషాలు కూర్చుని, కొంగు సర్దుకుని, తలుపు తోసింది.

"సార్, ఆ కార్డు..." అంది. "ఆ పేరు..."

వరప్రసాదరావు చెయ్యెత్తి ఆపాడు. "ఇంకెందుకమ్మా. అయిపోయింది."

టేబుల్ మీద రబ్బరుబ్యాండు వేసిన కట్ట ఉంది. పైముక్క మీద పదహారు చేతులు కనిపిస్తున్నాయి. దాని పక్కన ఆమె ఫైలుంది. ఆకుపచ్చ అట్ట, మీద ఆమె చేతిరాతతో ఆమె పేరు. బీరువా తలుపు ఇంకా ఓరగా తెరిచే ఉంది.

"డ్రైవరు కూతురంట. ఆరో పీరియడ్‌లో వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని అదే వచ్చింది," అన్నాడాయన. కోపమూ ఆశ్చర్యమూ కలిసిపోయి గొంతు వింతగా ఉంది. "ఆ ఇశ్రాయేలు నోరెళ్ళబెట్టి నిలబడ్డాడు, వాడికేం తెలీదు పాపం. ఆ పిల్ల ఈ కట్ట చేత్తో పట్టుకుని, 'బయటున్నయ్యన్నీ ఇవే సార్, ఇంకోటి లేదు. ఇవీ ఇస్తా, గీసిందెవరో పేరూ చెప్తా. ముందు మూడు బయట పెట్టండి' అంది. నాతో! నీ ఫైలు, వాళ్ళ నాన్న లైసెన్సు, గుడ్ కాండక్టని రాసిన టీసీ ఒకటి. ఎవరి టీసీయే అంటే, పేరు దగ్గర ఖాళీ ఉంచండి సార్ అంటుంది! మూడూ టేబుల్ మీద పెట్టాకగానీ నోరు విప్పలా. ముప్ఫై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నా, ఇలా ఎవరూ కూర్చోబెట్టలేదు నన్ను." కట్టని సొరుగులోకి తోసి తాళం వేశాడు. "నువ్వూ గట్టిదానివేనమ్మా. నీ క్లాసు పిల్ల, నీకు తెలియకుండా ఉంటుందా? ఉద్యోగం పోతుందన్నా పేరు బయట పెట్టలేదు. ఇక్కడ సంతకం చెయ్యి."

మహతి సంతకం చేసింది. ఫైలు తీసుకుంది.

*

సాయంత్రం స్కూలు బస్సుని ఇంకెవరో డ్రైవరు తీశాడు. మహతి అది ఎక్కలేదు. ఫైలు గుండెలకి ఆనించుకుని నందిగామ బస్టాండుదాకా ఇంచుమించు పరుగున వచ్చింది. పని పోయిన ఇశ్రాయేలు, కెజియాతో పేట బస్సుకోసం అక్కడే ఉంటాడు. ఏం చెప్పాలో తెలియదు, ఎదురుపడకుండా మాత్రం ఉండలేదు.

కెజియా సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది, పక్కన పుస్తకాల సంచీ, ఒళ్ళో కవరు. ఇశ్రాయేలు అవతల కండక్టర్ల దగ్గర జగ్గయ్యపేట బస్సు సంగతి అడుగుతున్నాడు. ఎన్నాళ్ళకో చేతికొచ్చిన లైసెన్సుని జేబులోంచి తీసి చూసుకోవడం, మళ్ళీ పెట్టుకోవడం ఇక్కణ్ణించి కనపడుతోంది.

"అన్నీ ఉన్నాయా మేడం?" అంది కెజియా లేచి నిలబడి. "చూసుకున్నారా?"

"ఉన్నాయి."

"ఒక్కోటి తీసి చూసుకోవాలి మేడం. తర్వాత తక్కువైందంటే ఇవ్వరు."

మహతి బల్ల మీద కూర్చుంది. ఫైలు విప్పలేదు. ఈ పిల్ల తనని మంచిదనుకుంటోంది, దానికోసం బడి వదులుకుంది, కట్టంతా వదులుకుంది. ఇది భరించడం ఆమె వల్ల కాలేదు.

"కెజియా, విను. నేను మంచిదాన్ని కాదే. నీ పేరు చెప్పటానికే పైకెళ్ళా. గదిలోకెళ్ళి నోరు కూడా తెరిచా. అప్పటికే నువ్వు చెప్పేశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనే చెప్పేదాన్ని."

"తెలుసు మేడం," అంది కెజియా.

"ఏం తెలుసు?"

"మీరు చెప్తారని. రేపే కదా మీకు బందరులో. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు చెప్తారు?" సంచీ పట్టీ సరిచేసుకుంది. "మీరు చెప్పేశాక నా పేరుకి ఏం వస్తది మేడం? మీ ఫైలొక్కటే వస్తది. మా నాన్న లైసెన్సు రాదు, టీసీలో మంచిగా రాయరు. అందుకని మీకంటే ముందే నేనెళ్ళి అమ్మేశా."

ఆ గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. ఉంటే బాగుండుననిపించింది మహతికి. కోప్పడితే కాళ్ళయినా పట్టుకునేది. మేడం తన పేరు దాచిపెడుతుందని ఈ పిల్ల ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకోకపోయినా ఆమె ఫైలు కూడా బేరంలో కలిపింది.

"మరి నాది ఎందుకు అడిగావే?" అంది.

కెజియా ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. జవాబు చెప్పేలోగా ఇశ్రాయేలు వచ్చేశాడు. వస్తూనే తువ్వాలు భుజం మీంచి తీసి రెండు చేతులూ జోడించాడు.

"మా పిల్ల చెప్పింది మేడంగారూ. మూడు రోజులు ఎంత బెదిరించినా మీరు దాని పేరు చెప్పలేదంట. ఉద్యోగం పోద్దని తెలిసి కూడా! ఈ రోజుల్లో ఎవరుంటారమ్మా అట్టాగ. పనిదేముంది, లైసెన్సు చేతికొచ్చింది, రేప్పొద్దున ఏ సిమెంటు లారీ అయినా ఎక్కుతా. మీ మేలు మాత్రం మర్చిపోం."

"ఇశ్రాయేలు గారూ, అది కాదు..." అంది మహతి.

"నాన్నా, బస్సొచ్చింది," అంది కెజియా.

బస్సు కిటకిటలాడుతోంది. ఇశ్రాయేలు ముందుగా ఎక్కి, ఎవరినో బతిమాలి, ఇద్దరు కూర్చునే సీటొకటి సంపాదించాడు. తువ్వాలుతో దులిపాడు. కెజియాని లోపలికి జరగమన్నాడు, "మీరు కూచోండి మేడంగారూ" అని ఆమెని కూర్చోబెట్టి, తను పైకడ్డీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. జగ్గయ్యపేట దాకా నిలబడే వస్తాడు. బస్సు ఊరు దాటకముందే పక్కవాళ్ళకి చెప్పటం మొదలుపెట్టాడు, ఈవిడ మా పిల్ల టీచరుగారండీ, గవర్నమెంటు ఉద్యోగం కొట్టారు, ఎంత గొప్ప మనిషంటే, అని. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎదురు వరసలో ఒక పెద్దావిడ చంకలో బిడ్డని సర్దుకుంటూ, "చల్లగా ఉండు తల్లీ," అంది. మహతి ఫైలు ఒళ్ళో పెట్టుకుని తల ఒంచుకుంది. ఎవరి మొహమూ చూడకుండా కిటికీ వైపు తిరుగుదామంటే, కిటికీ దగ్గర కెజియా కూర్చుని ఉంది.